రాలిన పండ్లు ఏరేయాలా, పెంకుపురుగులకి వదిలేయాలా?

పనసతొన:
విశాఖపట్నం దగ్గర ఆనందపురం దాటాక మాకు చిన్న తోట ఉంది. మామిడి, పనస, సీతాఫలం కలిపి పాతిక చెట్లు దాకా ఉంటాయి. మేముండేది సీతమ్మధారలో, ఆదివారాలు వెళ్లొస్తుంటాం. రాలిన ప్రతి పండూ ఏరి గోతిలో పూడ్చేయాలని తోట చూసే ఆయన పట్టుబడుతున్నాడు. వర్షారణ్యాల్లో ఎవరు ఏరుతున్నారు? అక్కడ రాలిన పండు మీదే బతికే పెంకుపురుగులు లెక్కలేనన్ని రకాలట. మా తోటలోనూ పగిలిపోయిన పనసపండు ఒకటి కర్రతో తిరగేసి చూశాను. తొనల సందుల్లో నువ్వుగింజంత గోధుమరంగు పురుగులు. వీపు మీద పెంకు సగంలోనే ఆగిపోయి, వెనక కొస బయటికి కనిపిస్తోంది. కదిపితే ఎగిరిపోలేదు సరికదా, ఇంకా లోపలికి దూరాయి. పండంతా పులిసిన వాసన. పూడ్చేస్తే వీటి నోటి దగ్గర కూడు లాగేసినట్టే కదా? మీరేమంటారు?

బీచ్‌రోడ్డు:
పురుగుల సంగతి సరే, పనసపండు అలా వదిలేశారా అండీ? మాతో ఒక్క మాట అంటే బండేసుకుని వచ్చేవాళ్లం.

మన్యంబాట:
వదిలేయండి, ఏమీ కాదు. మీరు చూసినవి ఎక్కడపడితే అక్కడ ఉండేవే. పండు పగలగానే ఈస్టు చేరి చక్కెరని పులియబెడుతుంది, ఆ వాసన పట్టుకుని ఇవి ఎగిరొస్తాయి. ఒక పండు నుంచి ఇంకో పండుకి ఈస్టుని ఒంటి మీద మోసుకెళ్లేదీ ఇవే. డార్విన్‌తో పాటు పరిణామ సిద్ధాంతం కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ వాలెస్ 1857లో సెలెబిస్ దీవిలో, అంటే ఇప్పటి సులవేసిలో, బాగా పండిన పనసపండ్లని చీల్చి అడవిలో అక్కడక్కడా పెట్టేవాడు. పొద్దున్నే వెళ్లి చూస్తే ఇరవై రకాల దాకా దొరికేవట. వాటిలో ఈ చిన్న పురుగులూ ఉన్నాయి, పేడపురుగుల జాతివీ ఉన్నాయి. పేడపురుగు పేడే తింటుందని మనం అనుకుంటాం గానీ, వర్షారణ్యంలో పండిన పండు కనబడితే వదలనివి వాటిలో చాలా ఉన్నాయి.

అసలు సంగతి ఇంకోటి. మీ సీతాఫలం కాయడానికి ఈ పురుగే కావాలి. ఆ పువ్వుకి మూడే మందపాటి రేకులు, సరిగా విచ్చుకోదు కూడా. తేనెటీగకి అందులో పనిలేదు. పువ్వు ముందు ఆడదిగా ఉండి, తర్వాత పుప్పొడి వదులుతుంది. పండిన పండు లాంటి వాసనకి ఈ పురుగులు లోపల దూరి, పుప్పొడి అంటించుకుని ఇంకో పువ్వులోకి పోతాయి. ఆస్ట్రేలియాలో సీతాఫలం జాతి తోటల్లో పురుగుల్ని రప్పించడానికి పులిసిన అనాసపండ్లు పెట్టి చూశారు. మనమేమో ఊడ్చి పారేస్తున్నాం!

చేనుగట్టు:
మాస్టారూ, ఒక్క మాట. విశాఖపట్నం వర్షారణ్యం ఎప్పుడయింది?

మన్యంబాట:
అయిందని నేనెక్కడా రాయలేదు. కంబాలకొండలో ఉన్నది కూడా పొడి సతతహరిత అడవే. పురుగుకి కావలసింది పులిసిన పండు, అడవి పేరు కాదు.

ఉప్పుగాలి:
లంబసింగి వైపు వర్షారణ్యమేనని మా కాలేజీ టూరులో చెప్పారు.

మన్యంబాట:
చలి వేస్తే వర్షారణ్యం అయిపోదండీ. ఏడాది పొడుగునా దాదాపు ప్రతి నెలా వానలుండాలి. మనకి అలా లేదు.

చేనుగట్టు:
అదే నేనంటున్నది. మనకి లేదు. లేనప్పుడు అక్కడి లెక్క ఇక్కడెందుకు? సీతాఫలం అంటున్నారు, మా కొండల మీద ఎవరూ పురుగుల్ని పెంచకుండానే కాస్తోంది.

మన్యంబాట:
కొండ మీద ఎవరూ ఊడవరు కాబట్టే కాస్తోంది.

బీచ్‌రోడ్డు:
హహ, మాస్టారు కొట్టారు.

ఉప్పుగాలి:
ఇద్దరూ పురుగు అంటే ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. రాలిన పండు దగ్గరికి వచ్చేవన్నీ గుజ్జు తినేవి కాదు. పనామా అడవుల్లో తాటి జాతి చెట్ల పండ్లు రాలి పైగుజ్జు పోయాక, ఒక పెంకుపురుగు గింజ మీద గుడ్లు పెడుతుంది. పిల్ల లోపలికి తొలుచుకుపోయి గింజనే తినేస్తుంది. అగూటీ అనే ఎలుకజాతి జంతువు ఎత్తుకెళ్లి మట్టిలో దాచిన గింజలే చాలావరకు బతుకుతాయి. 1970లో జాన్‌జెన్, 1971లో కానెల్ చెప్పింది కూడా ఇలాంటిదే: తల్లిచెట్టు కిందే రాలిన గింజల్నీ మొలకల్నీ వాటి శత్రువులు నాశనం చేస్తాయి, దూరంగా పడినవి మిగులుతాయి, అందుకే ఆ అడవిలో ఏ ఒక్క చెట్టూ పెత్తనం చెయ్యలేదు అని.

మన్యంబాట:
చూశారా! పురుగు లేకపోతే అన్ని రకాల చెట్లు ఉండవన్నమాట. నా వాదనకి బలమే ఇది.

చేనుగట్టు:
మీ వాదనకా? గింజల్ని చంపేస్తే అడవికి మంచిదట. నాకు కావలసింది అడవి కాదు మాస్టారూ, తోట. నా చెట్టు ఏ పెత్తనం చేస్తోందని దాన్ని తగ్గించాలి?

పనసతొన:
మీకు పురుగు కనబడగానే మందు కొట్టడం అలవాటు. అందుకే ప్రకృతి మాటెత్తితే కోపం వస్తోంది.

చేనుగట్టు:
మందు మాట ఎవరెత్తారండీ? నేనెత్తానా? ఇప్పటిదాకా మర్యాదగా రాశాను. ఇక వినండి.

నాకు సువర్ణరేఖ మామిడి తోట ఉంది. మీ పెంకుపురుగుతో నాకు పేచీ లేదు. అది పండు పగిలాక, కుళ్లాక వస్తుంది. నన్ను ముంచేది పండు ఈగ. అది చెట్టు మీద గట్టిగా ఉన్న కాయకే పొడిచి, తోలు కింద గుడ్లు పెడుతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చ, అంతే. కాయ రాలుతుంది, పురుగు బయటికొచ్చి మట్టిలో దూరి గూడు కడుతుంది, కొన్నాళ్లకి ఈగై లేస్తుంది. అందుకే రాలినవి రాలినట్టు ఏరి, రెండడుగుల లోతున పూడ్చమంటారు. ఎర బుడ్లు కట్టొచ్చు కదా అనకండి, కట్టాను. వాటికి వచ్చేవి మగ ఈగలు. పక్కతోటలో గుడ్లు నింపుకుని గట్టు దాటొచ్చే ఆడ ఈగని ఏ బుడ్డి ఆపుతుంది?

పక్కతోట అంటే ఏమిటో చెప్తాను. మా చేనుకి ఆనుకుని నాలుగెకరాలు ముక్కలు చేసి అమ్మారు. ఫామ్ ప్లాట్లు. కంచె, గేటు, గేటుకి తాళం. ఓనర్లు సిటీలో. ఏప్రిల్ నుంచి కాయ రాలుతూనే ఉంటుంది, ఏరే నాథుడు లేడు. ఓసారి కంచె కింద నుంచి చెయ్యి పెట్టి అందినన్ని లాగి గోతిలో వేస్తుంటే, ఒకాయన కారు దిగి, దొంగతనమా అన్నాడు. నా కొడుకు వయసు ఉంటాడు. ఫోన్లో వీడియో తీశాడు. ఆ ఏడాది నా సరుకు మార్కెట్లో దింపితే, మచ్చలు చూసి సగం ధరకి అడిగారు.

ఉప్పుగాలి:
ఇది ముందే చెప్పి ఉంటే వర్షారణ్యం గొడవంతా తప్పేది.

చేనుగట్టు:
ముందు చెప్తే ఎవరు చదువుతారు?

పనసతొన:
ఎవరో చేసినదానికి నన్ను ఎందుకు అదే గాటన కడతారు? నేనెవర్నీ దొంగ అనలేదు, వీడియోలు తియ్యలేదు. అప్పు చేసి కొనుక్కున్న స్థలం అది. అందులో రాలిన పండు ఎత్తాలా వద్దా అన్నది నా ఇష్టం.

చేనుగట్టు:
పండు మీదే. అందులోంచి లేచిన ఈగ ఎవరిది?

బీచ్‌రోడ్డు:
అమ్మో.

మన్యంబాట:
ఈగ సంగతి నేను కాదనను. కానీ సీతాఫలం, పనస కింద పండు ఉండనివ్వడానికి...

చేనుగట్టు:
ఉండనివ్వండి మాస్టారూ, మీ సీతాఫలం జోలికి నేను రాలేదు. ఎన్నిసార్లు చెప్పాలి, మామిడి, మామిడి!

పనసతొన:
మా పాతికలో పద్నాలుగు మామిడే. ఏరడానికి మనిషిని పెడితే రోజుకి ఎంత అడుగుతున్నారో తెలుసా? పండ్ల ఖరీదు కంటే కూలీ ఎక్కువ. అందుకే ఏరించలేదు, పురుగుల మీద ప్రేమ ఒక్కటే కాదు.

ఉప్పుగాలి:
అలా రండి దారికి. హవాయిలో ఒక పద్ధతి ఉంది. రాలిన పండ్లని పూడ్చరు, సన్న వలతో కట్టిన డేరాలో వేస్తారు. లేచిన ఈగ ఆ కన్నాల్లోంచి రాలేదు. ఈగ పిల్లల మీద బతికే బుల్లి కందిరీగలు మాత్రం దూరి బయటికి పోతాయి, తోటలో మిగిలిన ఈగల పని పడతాయి. పూడ్చేస్తే ఆ కందిరీగలు కూడా మట్టిలోనే చస్తాయి. రోజూ గొయ్యి తవ్వే పనీ ఉండదు.

చేనుగట్టు:
వినడానికి బాగుంది. పండ్లని డేరా దాకా ఎవరు మోస్తారు? వల ఎవరు కొంటారు?

పనసతొన:
గట్టు మీద కడదాం, ఇద్దరికీ పనికొస్తుంది. ఎంతవుతుందో కనుక్కోండి, సగం నేను పెట్టుకుంటాను.

చేనుగట్టు:
సగమెందుకు? నావి నేను ఎప్పటికప్పుడు ఏరుకుంటూనే ఉన్నాను. డేరా మీకు కావాలి.

పనసతొన:
సరే, అలాగైతే నా స్థలంలోనే కట్టుకుంటాను. మీ రాలినవి మాత్రం తెచ్చి అందులో వేయొద్దు.