థలసీమియా ఉన్న బిడ్డను బతికించుకోవడానికి ఇంకో బిడ్డను కనొచ్చా? తల్లిదండ్రులకు ఏం చెప్పాలి?

కడప_కౌన్సెలర్:
మా వైపు మేనరికాలు ఎక్కువ. బీటా థలసీమియా మేజర్ (ఒంట్లో రక్తం సరిగా తయారుకాక తరచూ రక్తం ఎక్కించాల్సిన జన్యు జబ్బు) పిల్లలున్న ఇళ్లలో ఒకటే మాట: "ఇంకొకర్ని కంటే ఆ బొడ్డుతాడు రక్తంతో పెద్దోడు బాగవుతాడంట కదా మేడమ్?" అత్తామామలు కోడలి మీద ఒత్తిడి పెడుతున్న ఇళ్లూ ఉన్నాయి. ఇందులో నిజమెంత? రోగం లేని, హెచ్ఎల్ఏ (దాత కణాలు రోగి ఒంటికి సరిపోతాయో చెప్పే జన్యు గుర్తులు) కలిసే పిండాన్ని ఐవీఎఫ్‌లో, అంటే ల్యాబులో పిండం తయారుచేసే పద్ధతిలో ఏరుకోవచ్చా? బిడ్డను మందు కోసం కనడం న్యాయమేనా? కొందరు క్లోనింగ్ గురించి కూడా అడుగుతున్నారు.

పెన్నా_జెనెటిక్స్:
క్లోనింగ్ సంగతి ముందే తేల్చేద్దాం. జబ్బున్న బిడ్డ కణంతో క్లోన్ చేస్తే అదే జన్యులోపం మళ్లీ పుడుతుంది. పైగా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు మనిషిని క్లోనింగ్‌తో పుట్టించడాన్ని నిషేధించాయి. 1996లో డాలీ గొర్రెపిల్ల ఒక్కటి దక్కడానికి 277 అండాలతో ప్రయత్నించాల్సి వచ్చింది. పసిబిడ్డల మీద చేసే ప్రయోగం కాదది.

అసలు లెక్క ఇది. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే (జబ్బు లేకున్నా లోపమున్న జన్యువు ఒక్కటి మోస్తున్నవాళ్లయితే) ప్రతి కాన్పులో మేజర్ వచ్చే అవకాశం 25 శాతం, రాకుండా ఉండే అవకాశం 75 శాతం. హెచ్ఎల్ఏ అన్నతో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. బీటా గ్లోబిన్ జన్యువు 11వ క్రోమోజోమ్ మీద, హెచ్ఎల్ఏ 6వ దాని మీద ఉంటాయి, దేని దారి దానిదే. రెండూ కలిపితే 16లో 3. అంటే మామూలుగా గర్భం దాలిస్తే 19 శాతం కూడా లేదు. పుట్టినవాడు క్యారియర్ అయినా దాతగా పనికొస్తాడు, ఈ మాట చాలామందికి తెలియదు.

ఐవీఎఫ్‌లో పిండం వయసు 5 లేదా 6 రోజులున్నప్పుడు, తర్వాత మాయగా మారే పై పొర నుంచి కొద్ది కణాలు తీస్తారు. తల్లి, తండ్రి, జబ్బున్న బిడ్డ రక్తం ముందే ఇచ్చి ఉండాలి. ఆ ముగ్గురి జన్యు గుర్తులతో పోల్చే రిపోర్టు తయారవుతుంది. 8 పిండాలు పరీక్షకు వస్తే సగటున ఒకటో రెండో పనికొస్తాయి, పెట్టిన ప్రతిదీ నిలవదు. అంత తక్కువ డీఎన్ఏలో ఒక్కోసారి జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పరీక్షకు అందదు, అప్పుడు రిపోర్టు తప్పుతుంది. అందుకే గర్భం నిలిచాక కూడా 11 నుంచి 13 వారాల మధ్య సీవీఎస్ (మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ జన్యువులు చూసే పరీక్ష) చేయించాల్సిందే.

కర్నూలు_లేబర్‌రూమ్:
బొడ్డుతాడు రక్తం మీద ఆశ ఎక్కువ, చేతికొచ్చేది తక్కువ. దొరికేది సుమారు 50 నుంచి 100 మిల్లీలీటర్లు. థలసీమియాకు రోగి బరువులో కిలోకు 3.5 కోట్ల కేంద్రకమున్న కణాలైనా ఉండాలని చూస్తారు. 20 కిలోల పిల్లాడికి 70 కోట్లు. 40 కిలోలకు పెరిగితే 140 కోట్లు, అప్పుడు ఆ సంచి చాలకపోవచ్చు.

ఇంకో చిక్కుంది. బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కట్టాలని డబ్ల్యూహెచ్ఓ చెబుతుంది. ఆ రక్తం పసిబిడ్డది, ఐరన్ నిల్వలు దానితోనే వస్తాయి. సంచి నిండాలని తాడు ముందే కట్టేయడం నాకు ఒప్పు కాదు. పెద్దబిడ్డ కోసం పుట్టింది అనిపించుకున్న పసిదానికి మొదటి నిమిషంలోనే అన్యాయం జరగకూడదు. నిమిషం ఆగాకే కట్టి, తాడును బెటాడిన్‌తో తుడిచి, సిరలో సూది పెట్టి, సంచిని మంచం కంటే కిందికి పట్టుకోవాలి. రక్తం దిగుతున్నంతసేపూ మెల్లగా ఊపుతుండాలి, లేకపోతే గడ్డలు కడుతుంది. ఐసు మీద పెట్టి పంపడం తరచూ జరిగే పొరపాటు. గది వేడిమిలోనే, 48 గంటల్లోపు ల్యాబుకు చేరాలి. ఇవన్నీ మార్పిడి (దాత మూలకణాలను రోగికి ఎక్కించడం) చేసే ఆసుపత్రితో కాన్పుకు ముందే మాట్లాడుకోవాలి.

జబ్బు లేని ఇళ్లకు "బయో ఇన్సూరెన్స్" అని అమ్మే ప్రైవేటు బొడ్డు రక్తం బ్యాంకులు వేరే కథ. థలసీమియా బిడ్డ సొంత బొడ్డు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది, దాచుకున్నా ఆ బిడ్డకు అక్కరకు రాదు.

అనంతపురం_వకీలు:
న్యాయం గురించి అడిగారు కాబట్టి. వంశం నిలవాలని, ముసలితనంలో ఆసరా కావాలని బిడ్డల్ని కంటున్నాం; అన్నను బతికించాలని కనడం అంతకంటే నీచమేమీ కాదు. రక్తం ఇచ్చాక ఆ బిడ్డను ఎలా చూస్తారన్నదే ప్రశ్న. బొడ్డు రక్తం చాలకపోతే ఎముక మజ్జ అడుగుతారు. మత్తిచ్చి తుంటి ఎముక నుంచి దాత బరువులో కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్ల దాకా తీస్తారు. అందుకే గుజరాత్‌లో 2018లో ఇలా పుట్టిన పాప బరువు పెరిగేదాకా ఆగి, 2020లో ఆమె అన్నకు మార్పిడి చేశారు. చిన్నబిడ్డ తరఫున మాట్లాడే వేరే డాక్టరు ఉండాలని తల్లిదండ్రులు పట్టుబట్టాలి. పెద్దోడికి చూసే డాక్టరే ఇద్దరి గురించీ నిర్ణయించకూడదు.

2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల చట్టం) పిండ పరీక్షను వంశపారంపర్య జబ్బుల వడపోతకు అనుమతిస్తుంది. హెచ్ఎల్ఏ మాట అందులో విడిగా లేదు, క్లినిక్‌ను రాతపూర్వకంగా అడగండి. ఆడో మగో చెప్పమంటే అది నేరం. పిండాన్ని గర్భంలో పెట్టేదాకా సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు ఉంది, అత్తగారు ఎంత తొందరపెట్టినా సరే.

ఒక మాట గట్టిగా చెప్పండి: సీవీఎస్‌లో బిడ్డకు జబ్బు లేదని తేలి, హెచ్ఎల్ఏ కలవలేదని గర్భం తీయించమంటే ఎంటీపీ (గర్భస్రావ) చట్టంలో ఆ కారణం లేదు. బిడ్డకు థలసీమియా మేజర్ అని తేలితే మాత్రం నిర్ణయం తల్లిది. వయసొచ్చిన మహిళకు ఆమె సంతకం చాలు, భర్తది అక్కర్లేదు.

కడప_కౌన్సెలర్:
ఇదంతా జరిగేలోపు రెండేళ్లు గడుస్తాయి. ఆలోపు పెద్దబిడ్డ సంగతి?

పెన్నా_జెనెటిక్స్:
అక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. "ఎటూ మార్పిడి చేయిస్తాం కదా" అని, తరచూ రక్తం ఎక్కించడం వల్ల ఒంట్లో పేరుకునే ఐరన్‌ను దించే మాత్రలు మానేస్తారు, కాలేయం పాడై మార్పిడి ప్రమాదమవుతుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్తపరీక్ష) 1000 దాటకుండా చూడండి. ఇంకోటి, ఐవీఎఫ్ ఊసెత్తకముందే ఇంట్లో ఉన్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు హెచ్ఎల్ఏ పరీక్ష చేయించండి. మేనరికపు ఇళ్లలో తల్లిదండ్రులవీ, దగ్గరి బంధువులవీ కూడా కలిసే అవకాశం మామూలు కంటే ఎక్కువ. ఊదారంగు మూత ట్యూబులో ఒక్కొక్కరిది కొద్దిపాటి రక్తం చాలు.