ఆన్‌లైన్ పోకర్ ఆడినవాడు గోవా వెళ్లి టేబుల్ మీద ఆడితే అది ఆటా, జూదమా?

రాణులజత_ఒంగోలు:
బెంగళూరులో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆన్‌లైన్‌లో పోకర్ అనే ముక్కలాట ఆడాను. మన రాష్ట్రంలో 2020లోనే ఆపేశారు కాబట్టి పండక్కి ఇంటికొస్తే ఆడేవాణ్ణి కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతా ఆగిపోయాయి. ఆట మీద మనసు మాత్రం పోలేదు. గోవాలో క్యాసినోలకు అక్కడి చట్టంలోనే అనుమతి ఉంది కదా అని మార్కాపురం రోడ్డులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లాను. టోర్నమెంట్ ఎంట్రీ 35,000. పాత గెలుపుల్లోంచి దాచిన డబ్బు.

ఆన్‌లైన్‌లో ఒక్క టేబుల్ మీదే గంటకు 60, 70 హ్యాండ్లు (ఒకసారి ముక్కలు పంచి ఆడే ఆట) పడేవి. నేను నాలుగు టేబుళ్లు తెరిచేవాణ్ణి. ఇక్కడ గంటకు పాతికో ముప్పయ్యో. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముక్కల అంచు ఎత్తి చూస్తుంటే పక్కవాడికి కనబడుతుందేమోనని టెన్షన్. పాట్‌లో, అంటే అందరి పందెం కుప్పలో, ఎంతుందో స్క్రీన్ చెప్పదు, మనమే లెక్క పెట్టుకోవాలి.

ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక పెట్టాల్సిన పందేలు (బ్లైండ్లు) 400, 800 ఉన్నప్పుడు నాకు రెండు రాణులు వచ్చాయి. 2,000కి పెంచుదామని 5,000 చిప్పు (పందెం బిళ్ల) ఒకటి ముందుకు వేశాను, నోటితో ఏమీ చెప్పలేదు. ముక్కలు పంచే డీలర్ దాన్ని 'కాల్', అంటే పెంచకుండా ఆ 800కి సమానంగా వేసినట్టు, అని 4,200 వెనక్కిచ్చాడు. ముందే ఆ 800 (బిగ్ బ్లైండ్) పెట్టినాయన రాజు, నాలుగు పట్టుకుని ఇంకో పైసా ఖర్చు లేకుండా ఆటలో ఉండిపోయాడు. అందరికీ కలిపి టేబుల్ మీద పరిచే ముక్కల్లో మొదటి మూడింట్లోనే రాజు పడింది, ఆయనకు నాకంటే పెద్ద జత కుదిరింది. నా చిప్పుల్లో మూడో వంతు పోయింది.

మళ్లీ కూడగట్టుకున్నాను. నా పక్క సీటులో ఒక టైల్స్ వ్యాపారి, పెద్దాయన. మూడుసార్లు ఓడి మూడుసార్లు మళ్లీ డబ్బు కట్టి కూర్చున్నాడు. తర్వాత నా దగ్గర చేరిన చిప్పుల్లో సగం ఆయనవే. తొమ్మిది గంటలు ఆడి, ఇంకో ఏడుగురు పోతే డబ్బొస్తుందనగా బయటికొచ్చాను. మళ్లీ వెళ్లాలని ఉంది. నాన్న మాత్రం 'పేకాటకు గోవా దాకా పోయినావా' అని మాట మానేశారు. మీరేమంటారు?

చిన్నబజారు_నెల్లూరు:
ఆ డీలర్ చేసింది మోసం. 5,000 వేస్తే 5,000 అనే కదా అర్థం? యాప్‌లో ఇలా జరుగుతుందా?

రాణులజత_ఒంగోలు:
మోసం కాదన్నా. పెంచుతున్నానని చెప్పకుండా పెద్ద చిప్పు ఒక్కటే వేస్తే అది కాల్ కిందే లెక్క. చిప్పు వేసి ఎదుటివాడి మొహం చూసి, ఆ తర్వాత 'పెంచాను' అనో 'లేదు' అనో మార్చుకోకుండా పెట్టిన రూల్ అది. తప్పు నాదే.

కావలి_మాస్టారు:
జూదం జూదమే నాయనా. మా తమ్ముడు కోతముక్కలో రెండెకరాలు పోగొట్టాడు. సంక్రాంతి మూడు రోజులు తోటలో ఆట దగ్గరే ఉన్నాడు. నాలుగో రోజు మా అమ్మ ఎదురు గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఇంకా ఏం చర్చ?

రాణులజత_ఒంగోలు:
మాస్టారూ, కోతముక్క వేరు, ఇది వేరు. అందులో ముక్క లోపల పడుతుందా బయట పడుతుందా అనేదే ఆట, మనం ఆలోచించేదేమీ లేదు. పోకర్‌లో ముక్కలు బాగాలేకపోతే పారేయొచ్చు. నేను పదింట ఎనిమిది హ్యాండ్లు పారేస్తాను. 1967లో మన ఆంధ్ర కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని చెప్పింది.

కావలి_మాస్టారు:
ఆ తీర్పు నేనూ చదివాను. అందులో పోకర్ లేదు. మూడు ముక్కలాటను అదృష్టం ఆట అన్నారు. రమ్మీకైనా, ఆడించే క్లబ్బు దాని మీద లాభం తీసుకుంటే నేరం కావచ్చని కూడా అందులోనే ఉంది. నీ 35,000లో క్యాసినో వాటా ఎంత?

రాణులజత_ఒంగోలు:
5,000.

పెన్నా_ఒడ్డు:
అమెరికాలో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు 86 డాలర్లతో ఆన్‌లైన్‌లో సీటు గెలిచి, 2003లో లాస్ వేగాస్ పోకర్ టోర్నమెంట్‌కు వెళ్లి 25 లక్షల డాలర్లు కొట్టాడు. ఆన్‌లైన్ వాళ్లు టేబుల్ మీద నిలబడలేరనే మాట ఆరోజే పోయింది. వెళ్లు తమ్ముడూ.

కావలి_మాస్టారు:
ఆ టోర్నమెంట్‌లో 839 మంది ఆడారు. మిగతా 838 మంది సంగతి ఎవరూ రాయరేం?

రొయ్యలచెరువు:
రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వస్తే రాత్రికి రాత్రే చెరువు పోతుంది. పోయినేడు నాకు పోయింది. అది జూదం కాదా మాస్టారూ? మాకెవరూ నీతులు చెప్పరు.

కావలి_మాస్టారు:
చెరువు పండితే రొయ్య వస్తుంది, తినేవాడుంటాడు. నీ నష్టంతో ఇంకొకడు ఇల్లు కట్టుకోడు. పేకలో కొత్తగా పండేదేముంది?

చిన్నబజారు_నెల్లూరు:
అదంతా సరే. చిప్పు 5,000 అయినప్పుడు 800 మాత్రమే తీసుకోవడం ఏం న్యాయం?

రాణులజత_ఒంగోలు:
అన్నా, చెప్పాను కదా.
మాస్టారూ, మీ తమ్ముడు చేసినదానికి నన్ను బోనెక్కించొద్దు. ఆయనకు లెక్క తెలియదు, అప్పు చేసి ఆడాడు. నేను ఆరేళ్లు ప్రతి ఆటా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఏ ముక్క వచ్చే అవకాశం ఎంతో చదువుకున్నాను. నా కష్టాన్ని తోటలో పేకాటతో కలిపితే ఊరుకోను.

కావలి_మాస్టారు:
ఊరుకోకు. నువ్వు చదువుకున్నావనే నా బాధ. నీకు నైపుణ్యం లేదని ఇప్పుడు నేననడం లేదు, ఉంది. మా తమ్ముడికి లేదు. వాడి రెండెకరాలూ ఎక్కడికి పోయాయి? తోటలో నీలాగే లెక్క తెలిసినవాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు లేవాలో వాడికి తెలుసు, మా వాడికి తెలియదు. మూడుసార్లు డబ్బు కట్టిన ఆ టైల్స్ ఆయన గురించి ఒక్క ముక్క రాసి, చిప్పుల లెక్క చెప్పి వదిలేశావు. నాకు ఆ ముక్క దగ్గరే కళ్లు ఆగిపోయాయి.

సింగరాయకొండ_అమ్మాయి:
మాస్టారు చెప్పింది నిజం. మా ఇంట్లో ఆడినాయనకు కూడా ఎదుటివాళ్లంటే స్క్రీన్ మీద పేర్లే.

రాణులజత_ఒంగోలు:
ఆయన పెద్దవాడు మాస్టారూ, తెలిసే వచ్చాడు. నేను కాకపోతే అవతలి సీటువాడు గెలిచేవాడు. నేను ఆయన్ని మోసం చేయలేదు.

పెన్నా_ఒడ్డు:
అదీ మాట.

కావలి_మాస్టారు:
చేశావని అనలేదు. ఆయన ఎలా ఉన్నాడో చెప్పు, చాలు.

రాణులజత_ఒంగోలు:
ఇందాకటి నుంచి రాద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాను.

క్యాసినో ఓడ మాండవి నది మధ్యలో ఉంటుంది, ఒడ్డుకు చిన్న పడవలో రావాలి. నేను అవుట్ అయి పడవెక్కేసరికి ఆయన నాకంటే ముందే ఎక్కి కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోన్ మోగుతోంది, ఎత్తలేదు. మళ్లీ మోగింది. నన్ను చూసి 'బాగా ఆడావు బాబూ, మూడోసారి నా దగ్గరేముందో నీకెలా తెలిసింది?' అని హిందీలో అడిగాడు. మంచి ముక్కలొస్తే చిప్పుల మీద ఆయన వేళ్లు వణికేవి. రెండో గంటకే కనిపెట్టాను. అది చెప్పలేక, అదృష్టం అన్నాను.

ఆరేళ్లలో వేల హ్యాండ్లు గెలిచాను. ఎవరి వేళ్లూ చూడలేదు.

చిన్నబజారు_నెల్లూరు:
అడిగాడు కదా, చెప్తే పోయేదేముంది?

రాణులజత_ఒంగోలు:
చెప్తే ఈసారి జాగ్రత్తపడతానని ఇంకోసారి వచ్చేవాడన్నా. మళ్లీ ఎప్పుడు కూర్చుందామని ఒడ్డు దిగాక నా నంబరు కూడా అడిగాడు. ఇవ్వలేదు.