కర్రీ పాయింట్‌లో రోజూ ఎన్ని ప్యాకెట్లు వండాలి? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

పప్పుచారు_99:
మాది దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న కర్రీ పాయింట్, చుట్టూ హాస్టళ్లే. పప్పు ప్యాకెట్ 30 రూపాయలు, మాకు 18 పడుతుంది. రాత్రి మిగిలింది పారబోయడమే. నాన్నేమో నిన్న ఎన్ని పోతే ఇవాళ అన్నే వండమంటారు, దాంతో ఒకరోజు మిగులుతుంది, ఒకరోజు ఎనిమిదికే గిన్నె ఖాళీ. నెల సగటు 70 వచ్చింది. రోజూ 70 వండేస్తే సరిపోతుందా? పెద్ద ఫార్ములాలొద్దు ప్లీజ్.

ఓఆర్_మాస్టారు:
సగటు పట్టుకోకండి. దీన్ని న్యూస్‌వెండర్ ప్రాబ్లమ్ అంటారు, అంటే పేపర్లమ్మేవాడు పొద్దున్నే ఎన్ని పేపర్లు తెచ్చుకోవాలన్న లెక్క; బ్యాంకు ఎంత నగదు చేతిలో ఉంచుకోవాలని 1888లో ఆర్థికవేత్త ఎడ్జ్‌వర్త్ వేసిన లెక్కా ఇదే. ఒక ప్యాకెట్ తక్కువైతే పోయే లాభం 12, ఒకటి మిగిలితే నష్టం 18. 12ని మొత్తం 30తో భాగిస్తే 0.4. అంటే 30 రోజుల గిరాకీని చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాసి, అందులో 12వ అంకె (30 రోజుల్లో 0.4 వంతు అంటే 12) ఎంతుంటే అన్ని వండాలి.

లెక్కలపిచ్చి:
ఆగండి, ఆ 18లో ఏమేం కలిపారు?

పప్పుచారు_99:
కందిపప్పు, నూనె, గ్యాస్, కవరు, ఇంకా షాపు అద్దె, వంటమనిషి జీతం కూడా పంచి వేశాం. ఆ అద్దె, జీతం తీసేస్తే 12.

లెక్కలపిచ్చి:
అదీ సంగతి. ఇంకో ప్యాకెట్ వండినా మానేసినా అద్దె మారదుగా, దాన్ని ఈ లెక్కలోకి లాగకూడదు. అప్పుడు లాభం 18, నష్టం 12, నిష్పత్తి 0.6, వరసలో 18వ అంకె చూడాలి. ఇంతసేపూ తక్కువ వండమన్న లెక్కే ఇప్పుడు కాస్త ఎక్కువ వండమంటోంది! ఫార్ములా ఎవరైనా వేస్తారండీ, అందులో ఏ ఖర్చు పెట్టాలో తేల్చుకోవడమే అసలు మోడలింగ్, అంటే సమస్యని లెక్కగా మలచడం.

హాస్టల్_పక్షి:
ఇంకోటి. ఎనిమిదికి గిన్నె ఖాళీ అయిన రోజు మీ పుస్తకంలో 65 అని ఉంటుంది, కానీ తర్వాత మాలాంటివాళ్లం వచ్చి పక్క షాపుకి పోయింది ఎక్కడా ఉండదు. అది అమ్మకం లెక్కే తప్ప గిరాకీ లెక్క కాదు, కాబట్టి మీ 70 కూడా తక్కువే. ఆ రోజుల పక్కన ఎన్నింటికి అయిపోయిందో రాయండి, మిగతా రోజుల్లో ఆ టైము తర్వాత సుమారు ఎన్ని పోతున్నాయో చూసి కలుపుకోండి. శనివారాలు, కార్తీక మాసం విడిగా పెట్టండి, చికెన్ తినేవాళ్లూ పప్పు మీదే పడతారు.

పప్పుచారు_99:
నాన్నకి చూపించా. "టైము రాయడానికి ఇంకో మనిషిని పెట్టాలా, వాడి జీతం ఏ లెక్కలో వేస్తావ్" అన్నారు 😄 ఇవాళ్టి నుంచి నేనే రాస్తా.