వరంగల్, హనుమకొండలో మార్ఫిన్ మాత్రలు ఎక్కడ దొరుకుతాయి?

నోటి క్యాన్సర్‌తో ఉన్న మా నాన్న ట్రమడాల్ 50 మి.గ్రా. మూడు పూటలా వేసుకుంటున్నా, 3 వారాలుగా రాత్రి 2 గంటలకల్లా నొప్పితో లేచి, దవడకు తువ్వాలు అదుముకుని తెల్లవారే దాకా కూర్చుంటున్నారు. డాక్టరు అంతకన్నా బలమైన నొప్పి మందు, మార్ఫిన్ 10 మి.గ్రా. మాత్రలు నాలుగు గంటలకొకటి చొప్పున రాశారు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఐదు మెడికల్ షాపుల్లో అడిగాను. ఒకాయన చీటీని రెండుసార్లు తిప్పి చూసి, "ఇది మేం పెట్టం" అని మడిచి చేతిలో పెట్టాడు. అలవాటు పడతారని బంధువులు భయపెడుతున్నారు గానీ, నా బెంగ అది కాదు. మాదకద్రవ్యాల చట్టానికి (NDPS) 2014లో చేసిన సవరణ తర్వాత, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు ఈ మందును నిల్వ ఉంచి రోగులకు ఇవ్వవచ్చని చదివాను. హైదరాబాద్ దాకా 140 కిలోమీటర్లు ఆయన ప్రయాణం చేయలేరు. రోగిని వెంట తీసుకెళ్లకుండా, చీటీ, రిపోర్టులు చూపితే ఈ రెండు ఊళ్లలో ఏ ఆసుపత్రిలో ఈ మాత్రలు ఇస్తారు?