అమ్మతో మాల్దీవులు: నీళ్ళ మీద గదా, ఇసుక మీద గదా? వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి

లంకలో_పిల్ల (అమలాపురం)
నమస్కారమండి అందరికీ. మా అమ్మకి 63 ఏళ్ళు. తిరుపతి, అన్నవరం, అంతర్వేది తీర్థం తప్ప ఊరు దాటిన మనిషి కాదు. నాన్న పోయి రెండేళ్ళయింది. జనవరిలో నాకు నాలుగు రోజులు సెలవు దొరుకుతోంది, పిల్లాణ్ణి మా ఆయన చూసుకుంటానన్నారు. అమ్మా నేనూ ఇద్దరమే మాల్దీవుల్లో ఏదైనా రిసార్టుకి వెళ్దామని ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, శాకాహారం. వాటర్ విల్లా తీసుకోవాలా, బీచ్ విల్లానా? సీప్లేన్ ఎక్కగలదా? ఖర్చు ఎంత అనుకోవాలి? అమ్మ మాత్రం ఒకటే అడుగుతోంది, "కొబ్బరి లౌజూ, నాలుగు ఎండు కొబ్బరి చిప్పలూ పట్టుకెళ్దామా" అని.

గోదారి_గట్టు (రాజోలు)
పొద్దున్న లేస్తే కొబ్బరిచెట్టు, పడుకోబోతే కొబ్బరిచెట్టు. దాన్ని చూడ్డానికి డాలర్లు కట్టి సముద్రం దాటాలా అండి? దిండి వెళ్ళండి. చించినాడ వంతెన ఇవతలే. వశిష్ఠ మీద హౌస్‌బోటులో ఒక రాత్రి ఉంటే ఆ మాల్దీవుల్లో ఉన్నదంతా ఇక్కడే ఉంది. అమ్మగారికి ఒంట్లో బాగోకపోతే గంటలో ఇంటికి వచ్చేయొచ్చు.

చెకిన్_కౌంటర్ (ప్రస్తుతం హైదరాబాదు, సొంతూరు కొత్తపేట)
లౌజు ఫర్వాలేదు. ఎండు కొబ్బరి మాత్రం పెట్టకండి. 2022 నుంచి చెకిన్ బ్యాగులో కూడా నిషేధం, స్కానింగులో కనపడితే పెట్టె విప్పించి తీసేస్తారు. పదకొండేళ్ళు కౌంటర్లో కూర్చున్నాను, ఎంతమంది పెద్దవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారో నాకు తెలుసు.

డొక్కల_బాబాయ్ (అంబాజీపేట)
ఆయ్, కొబ్బరి చిప్ప బాంబా? ముప్పై రెండేళ్ళ నుంచి ఈ వ్యాపారంలో ఉన్నాను. కురిడీ అంటే ఏంటో తెలుసా తమరికి? కాయని అటక మీద నెలల తరబడి ఉంచితే లోపల నీరింకిపోయి కొబ్బరి చిప్పని వదిలేసి గలగలలాడుతుంది. మా వదినగారు కురిడీలు అమెరికా పట్టుకెళ్ళింది, ఎవడూ ఆపలేదు. కౌంటర్లో కూర్చున్నవాళ్ళందరూ కొబ్బరి గురించి మాట్లాడేవాళ్ళే.

చెకిన్_కౌంటర్
మీ వదినగారు ఏ సంవత్సరం వెళ్ళారో చెప్పండి బాబాయ్ గారు. రూలు నేను పెట్టలేదు. ఎండు కొబ్బరిలో నూనె 60 శాతం పైనే. గాలి తగిలి దానంతట అదే వేడెక్కే సరుకుల్లో, అంటే ప్రమాదకర సరుకుల పట్టికలో 4.2 తరగతిలో ఉంటుంది. విమానం కింద సామాన్ల అరలో అంటుకుంటే వెళ్ళి నీళ్ళు పోసేవాడు ఉండడు.

గోదారి_గట్టు
మరి శబరిమల వెళ్ళే స్వాములు ఇరుముడితో విమానంలోకి వెళ్ళారుగా? పేపర్లో వచ్చింది.

చెకిన్_కౌంటర్
అది పచ్చి కాయండి, ఎండు కొబ్బరి కాదు. అదీ మామూలుగా కేబిన్లోకి రానివ్వరు. 2024 అక్టోబరులో విమానయాన మంత్రిగా మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు వెసులుబాటు ఇచ్చారు. 2025 జనవరి 20 వరకే, అదీ తనిఖీ చేశాకే. దాన్నీ దీన్నీ కలపకండి.

డొక్కల_బాబాయ్
పచ్చికాయకీ కురిడీకీ తేడా నాకు చెప్తున్నారు. బాగుంది.

లంకలో_పిల్ల
బాబాయ్ గారూ, చెకిన్ గారూ, ఎండు కొబ్బరి పెట్టను. అయిపోయింది. నా మిగతా ప్రశ్నలు ఎవరైనా చూడగలరా?

దేశభక్త_420 (కాకినాడ)
2024 జనవరిలో వాళ్ళ డిప్యూటీ మంత్రులు మన ప్రధానిని ఏమన్నారో మర్చిపోయారా? మన లక్షద్వీప్ ఉండగా అక్కడికెందుకు?

రావులపాలెం_లెక్కలు
ఆ ముగ్గుర్నీ వాళ్ళ ప్రభుత్వమే సస్పెండ్ చేసింది. తర్వాత రాకపోకలు మామూలయ్యాయి. లక్షద్వీప్ వెళ్ళాలంటే మనవాళ్ళకే ముందు పర్మిట్ కావాలి, నాలుగు రోజుల సెలవు ఉన్న అమ్మాయికి అదో పని. మాల్దీవులకైతే దిగిన చోటే వీసా, రుసుము లేదు. ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఇముగా అనే ఫారం ఆన్‌లైన్లో నింపాలి, అంతే.
ఇక లెక్క. గది రేటు చూసి మురిసిపోకండి. 2025 జనవరి నుంచి రిసార్టులో గ్రీన్ టాక్సు మనిషికి రాత్రికి 12 డాలర్లు, అంతకు ముందు 6. అది కాక పర్యాటక జీఎస్టీ 2025 జులై నుంచి 17 శాతం. మామూలు ఊళ్ళున్న దీవుల్లో, మాఫుషి లాంటి చోట, చిన్న గెస్ట్‌హౌసుల్లో ఉంటే గ్రీన్ టాక్సు సగమే.

దేశభక్త_420
లెక్కలు బాగానే చెప్తారు, దేశం దగ్గరికొచ్చేసరికి మాత్రం...

రావులపాలెం_లెక్కలు
మీ ఫోను ఎక్కడ తయారైందో ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. తర్వాత మాట్లాడదాం.

పాలకొల్లు_పిన్ని
అడగకూడదేమో గానీ అడుగుతున్నాను. మొగుణ్ణీ పిల్లాణ్ణీ ఇంట్లో పెట్టి తల్లీకూతుళ్ళు విహారానికి వెళ్ళడమేంటమ్మా? నలుగురూ వెళ్తే ఎంత ముచ్చటగా ఉంటుంది. పోయినవారి సంవత్సరీకాలు అయ్యాయి గదా అని అడుగుతున్నాను, మరోలా అనుకోకు.

లంకలో_పిల్ల
అయ్యాయండి. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయన మందులూ ఆయన డయాలసిస్సే అమ్మకి లోకం. నలుగురం వెళ్తే అక్కడా అమ్మే మనవడికి అన్నం కలుపుతూ కూర్చుంటుంది. అందుకే ఇద్దరం.

పంటు_ఎక్కిన_పద్మ (నరసాపురం)
శభాష్ చెల్లెమ్మా. పిన్నిగారూ, నేను మా అమ్మని అండమాన్ తీసుకెళ్ళినప్పుడు మా వీధి వీధంతా ఇదే అడిగింది. వెళ్ళి హేవ్‌లాక్‌లో, అదే ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, రాధానగర్ బీచ్‌లో అమ్మని ఇసుకలో కూర్చోబెట్టాను. సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోయింది. "ఇంత తొందరగా పొద్దుపోతే ఇక్కడివాళ్ళు వంట ఎప్పుడు మొదలెడతారే" అంది. పోర్ట్‌బ్లెయిర్లో, దాన్నిప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, ఆటో ఎక్కితే డ్రైవరు శ్రీకాకుళం యాసలో మాట్లాడాడు. అమ్మకి ఇక భయం పోయింది. పాస్‌పోర్టు అక్కర్లేదు, డాలర్లు అక్కర్లేదు. నా మాట విని అండమాన్ పెట్టుకోండి. ఓడలో దీవికి వెళ్ళేటప్పుడు మాత్రం కడుపులో తిప్పుతుంది, ముందే మాత్ర వేయించండి. నేను వేయించలేదు, నా చీర పాడైంది.

గోదారి_గట్టు
సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినా కడుపులో తిప్పేవాళ్ళున్నారు లెండి.

రేవులో_పడవ (ముమ్మిడివరం)
మేం పోయిన మార్చిలో మాల్దీవులే వెళ్ళొచ్చాం, అమ్మా నేనూ. ఎండు కొబ్బరి గొడవ చదివి నవ్వుకున్నాను గానీ, అసలు సంగతి ఇంకోటుంది.
గొప్పకి పోయి వాటర్ విల్లా తీసుకున్నాను. గది మధ్యలో నేలకి గాజు పలక, కింద నీళ్ళు, చేపలు. పగలంతా అమ్మకి భలే సరదా. ఆ గాజు పక్కనే చాప వేసినట్టు తువ్వాలు పరుచుకుని కూర్చుని, చారల చేప వస్తే మా పెద్దమ్మ పేరు పెట్టి పిలిచింది. రాత్రి పదింటికి గాలి లేచింది. పెద్ద గాలేం కాదు, కింద స్తంభాలకి నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు, అంతే. నాకు మెలకువ వచ్చేసరికి అమ్మ మంచం మీద లేదు. కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పాస్‌పోర్టులున్న సంచి చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "నీళ్ళు ఎందాకా వచ్చాయో చూడవే" అంది.
మాది అప్పట్లో కాట్రేనికోన దగ్గర. 1996 నవంబరు 6 రాత్రి నాకు ఐదేళ్ళు. నన్ను చీరతో నడుముకి కట్టుకుని అమ్మ అటకెక్కిందని మా మేనత్త చెప్పేది. అమ్మ నోట ఎన్నడూ వినలేదు. ఆ రాత్రి చెప్పింది. తెల్లారేదాకా చెప్పింది. పొద్దున్న అటక దిగి చూస్తే తోటలో చెట్లన్నీ ఒకే దిక్కుకి పడి ఉన్నాయట, దువ్వెనతో దువ్వినట్టు. మర్నాడు అదనంగా కట్టి బీచ్ విల్లాకి మారిపోయాం. డబ్బు పోతే పోయింది.
మూడో రోజు మళ్ళీ మనిషి కనపడలేదు. వెతుక్కుంటూ వెళ్తే గదుల వెనక, తోటపని చేసే బంగ్లాదేశ్ కుర్రాడి పక్కన స్టూలేసుకుని మట్టలు చీరి ఈనెలు తీస్తోంది. కత్తి వాడే ఇచ్చాడట. ఒకరి మాట ఒకరికి రాదు. చీపురు కట్టి, మొదలు నేలకేసి రెండు సార్లు తట్టి వాడి చేతిలో పెట్టింది. రెండో చీపురు నా పెట్టెలో పెట్టమంది, అది కుదరదని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆవిడ బాధల్లా ఒక్కటే, అంత తోటలో చెట్లకి కాయ లేదు. నడిచేవాళ్ళ నెత్తిన పడతాయని ముందే దింపేస్తారట.

డొక్కల_బాబాయ్
చెట్లు పొడుగు రకమా, పొట్టి రకమా అమ్మా? పిందె మీదే కొట్టేస్తారా, ముదిరాకా? మా అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్ళ గోదావరి గంగ లాంటి రకం వేసుకుంటే తక్కువ ఎత్తులోనే కాపు, బొండాలు దింపడం సులువు. వాళ్ళకి చెప్పేవాడు లేడు.

పంటు_ఎక్కిన_పద్మ
బాబాయ్ గారూ, ఆవిడ తుపాను రాత్రి గురించి చెప్తుంటే మీరు రకం అడుగుతారేంటండీ.

డొక్కల_బాబాయ్
తుపాను నాకు చెప్పక్కర్లేదమ్మా. ఆ రాత్రి మా నాన్నగారి మూడెకరాలూ పడిపోయాయి. మళ్ళీ మొక్క పెట్టి గెల చూడ్డానికి ఏడేళ్ళు పట్టింది. అందుకే చెట్టు అనగానే రకం అడుగుతాను.
ఇంకో మాట. చెకిన్ గారన్నది పూర్తిగా తప్పు కాదు. సరిగ్గా ఎండని కొబ్బరి బస్తాల్లో కుప్పేస్తే, మధ్యలో చెయ్యి పెట్టినప్పుడు వేడి తగులుతుంది. మా గోడౌన్లో ఎన్నోసార్లు చూశాను. అయినా నాలుగు చిప్పలకి అంత హడావుడి అక్కర్లేదు.

చెకిన్_కౌంటర్
ఇన్ని పోస్టుల తర్వాత ఒప్పుకున్నారు. సంతోషం.

డొక్కల_బాబాయ్
ఒప్పుకోలేదు. వేడి తగులుతుందన్నాను.

కీళ్ళ_కష్టాలు (భీమవరం)
నా రెండు మోకాళ్ళూ మార్చారు, కాబట్టి ఈ ఒక్క విషయం నన్ను చెప్పనివ్వండి. బీచ్ విల్లానే తీసుకోండి. వాటర్ విల్లా అందమంతా నీళ్ళలోకి దిగే నిచ్చెన మెట్లలోనే ఉంది, అమ్మగారు అవి దిగలేరు. మాలే ఎయిర్‌పోర్టు నుంచి స్పీడ్‌బోటులో వెళ్ళగలిగే దగ్గరి రిసార్టు చూసుకోండి. సీప్లేన్లు పగటిపూటే ఎగురుతాయి, మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలే వైపే ఉండిపోవాలి. ఎక్కడానికి ఇరుకు మెట్లు, లోపల వంగి నడవాలి. పైలట్లు చెప్పుల్లేకుండా నడుపుతారు, అది చూసి మా ఆవిడ దండం పెట్టుకుంది. శాకాహారం అని బుకింగులోనే రాయండి. వాళ్ళ పొద్దుటి ఫలహారం మాస్ హునిలో పైకి కొబ్బరి కోరే కనపడుతుంది, లోపల టూనా చేప ఉంటుంది. మా ఆవిడ రెండు ముద్దలు తిన్నాక తెలిసింది.

పాలకొల్లు_పిన్ని
అయ్యో రామ. మరి దేవుడి పటం పెట్టుకోవచ్చా?

కీళ్ళ_కష్టాలు
పూజకి విగ్రహాలు ఆ దేశంలోకి తేకూడదని వాళ్ళ కస్టమ్స్ నియమం పిన్నిగారూ. ఫోనులో వేంకటేశ్వరస్వామి ఫోటో పెట్టుకుని దణ్ణం పెట్టుకోవడమే.

గోదారి_గట్టు
దిండిలో అయితే ఏ నియమమూ లేదు.

లంకలో_పిల్ల
అందరికీ థాంక్సండి, కీళ్ళ గారికి మరీను. బీచ్ విల్లా, స్పీడ్‌బోటు, మూడు రాత్రులు, ఫుల్ బోర్డ్ (మూడు పూటలా భోజనంతో) బుక్ చేసేశాను. పడవ గారు రాసింది అమ్మకి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వాళ్ళమ్మది ఏ ఊరో కనుక్కో, కాట్రేనికోనలో మా చిన్నత్తగారు ఉండేది" అంది. ఫోన్ నంబరు కూడా అడగమంది. పడవ గారూ, మీకు అభ్యంతరం లేకపోతే మెసేజ్ పెట్టండి. లౌజు రెండు డబ్బాలు చేస్తోంది, ఒకటి అక్కడి తోటమాలికట.

రేవులో_పడవ
పెట్టానండి, చూడండి. మా అమ్మ పక్కనే కూర్చుంది, "ఈనెలు తీసే కత్తి కూడా పట్టుకెళ్ళమను" అంటోంది.

చెకిన్_కౌంటర్
కత్తి చెకిన్ బ్యాగులో మాత్రమే. దయచేసి.

రాత్రి_బండి (ఆలమూరు)
అందరూ కొబ్బరివాళ్ళే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇవాళ అంబాజీపేట మార్కెట్లో కురిడీల్లో గటగట రకం వెయ్యి కాయలు ఎంత పలికాయి? గండేరా రకం ఎంత?