క్యాన్సర్ తగ్గినప్పుడు డాక్టర్లు చెప్పే "రెమిషన్"ని తెలుగులో ఏమందాం? "నిమ్మళించింది" అంటే సరిపోతుందా?

గ్రూపులో అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా, గుత్తి దగ్గర పల్లె. ఒక్క మాట గురించి అడగాలని నెల నుంచి అనుకుంటున్నా, కొంచెం పొడుగైతుంది, ఓపిగ్గా చదవండి.

మా చిన్నమ్మకు పోయినేడు మెడ దగ్గర గడ్డ తేలింది, బయాప్సీలో లింఫోమా అని, అంటే లింఫు గడ్డలకొచ్చే క్యాన్సర్ అని వచ్చింది. బెంగళూరులో చూపించినాం, 21 రోజులకొకటి లెక్కన 6 సైకిళ్ళు కీమో అయింది, ఆఖర్లో పెట్ స్కాన్ చూసి డాక్టరమ్మ "కంప్లీట్ రెమిషన్" అనింది. బయటికొచ్చినాక చిన్నమ్మ ఏమన్నారురా అంటే నేను సంతోషం పట్టలేక "నయమైపోయింది చిన్నమ్మా" అని చెప్పేసినా. మూడు నెలలకు మళ్ళీ చూపించుకోమంటే ఆయమ్మ కదల్లేదు. "నయమైందని నువ్వే చెప్తివి కదరా, నయమైనోళ్ళకు ఆసుపత్రితో ఏం పని" అంటుంది. ఆమె అనేదాంట్లో తప్పేముంది, తెలుగులో నయమైందంటే అర్థం అదే కదా.

డాక్టరమ్మ చెప్పింది వేరే. పెట్ స్కాన్‌లో గ్లూకోజు లాంటి మందు నరానికి ఎక్కిస్తారు, క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువ లాక్కుంటాయి కాబట్టి అవి ఉన్నచోట ఫొటోలో వెలుగుతుంది. లింఫోమాకు ఆ వెలుగును 1 నుంచి 5 దాకా డోవిల్ స్కోరని లెక్కేస్తారు, చిన్నమ్మది 2. అంటే కనపడేంత రోగం లేదు. కనపడనంత చిన్నది మిగిలిందా లేదా అనేది స్కాన్‌తో తెలీదు, చిన్నమ్మకు వచ్చిన రకం తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే తిరగబెడుతుందంట, అందుకే రమ్మనేది.

పేపర్లలో రెమిషన్‌కు "ఉపశమనం" అని రాస్తున్నారు. నాకు అస్సలు నచ్చలేదు, అది నొప్పి మాత్ర వేసుకుంటే వచ్చేది. మా అవ్వ అయితే "పిల్లోనికి జరం నిమ్మళించిందా" అంటుంది, "గాలివాన నిమ్మళించినాక పోదురులే" అంటుంది. జరం తగ్గింది, అయినా రేతిరికి ఒకసారి ఒళ్ళు పట్టి చూడాల అనే జాగ్రత్త ఆ మాటలోనే ఉంది. పైగా "తిరగబెట్టింది" అనే మాట మనకు ముందే ఉండనే ఉంది, రిలాప్స్‌కు అంతకంటే మంచి మాట దొరకదు. నిమ్మళించడం, తిరగబెట్టడం, రెండూ జతగా బాగా కుదిరినాయి అనిపించింది. మీరేమంటారు?

రిప్లై, కర్నూలు నుంచి:
తమ్ముడూ, మాట బాగుంది. నేను ల్యాబ్‌లో పనిచేస్తా, నన్ను ఇంకో మాట బాధపెడుతుంది, "ముదిరింది". రిపోర్టులో గ్రేడ్ 3 అని చూస్తానే ఇంట్లోవాళ్ళు మూడో స్టేజీ, ముదిరిపోయింది అని ఏడుస్తారు. స్టేజీ అంటే రోగం ఎంత దూరం పాకిందనేది, గడ్డ సైజు, పక్కనున్న లింఫు గడ్డలు, దూరంగా ఉన్న అవయవాలు చూసి చెప్తారు. గ్రేడ్ అంటే మైక్రోస్కోపులో కణం మామూలు కణానికి ఎంత పోలిక తప్పిందనేది. గ్రేడ్ 3 ఉండి ఒకటో స్టేజీలోనే దొరికినవాళ్ళు ఎంతమందో. అసలు ఎక్కువ గ్రేడ్ కణాలు ముదిరినవి కానే కాదు, ముదరకుండా లేతగా ఉండిపోయి గబగబా పెరిగేవి. మన మాట అక్కడ తలకిందులైంది. స్టేజీకి "పాకడం" అనే మాటే వాడితే ఈ గందరగోళం ఉండదని నా అభిప్రాయం.

రిప్లై, కడప నుంచి:
మా నాయనకు సీఎంఎల్ అన్నా, బ్లడ్ క్యాన్సర్లో ఒక రకం. ఇమాటినిబ్ మాత్ర రోజూ వేసుకుంటాడు, మూడు నెలలకొకసారి బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ టెస్టు, రక్తంలో ఆ రోగం తెచ్చే జీను ఎంతుందో చూస్తారు. గొర్రెలు కాసుకుంటా మునుపటి మాదిరే తిరుగుతాడు. మీ నిమ్మళం మాకు సరిపోదు, నిమ్మళించిందంటే మా నాయన మాత్ర మానేస్తాడు. మేం "అణిగుంది" అంటాం. పైన చెయ్యి పెట్టి అణిచినట్టు, మాత్ర ఆ చెయ్యి.

మళ్ళీ నేను:
ఆ మాట చదివి చాలాసేపు అట్లే కూర్చున్నా. నిజమే, మందు ఆపినాక కూడా రోగం కనపడకుంటే నిమ్మళించింది, మందు నడుస్తా ఉంటే అణిగుంది, రెండూ వేరే. కర్నూలు అక్కా, "పాకడం" మాట నేను రాసిపెట్టుకున్నా.

నిన్న చిన్నమ్మ దగ్గరికి పోయి, నయమైందని అన్నది నా తప్పే, నిమ్మళించింది అనాల్సింది అని చెప్పినా. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే తిరగబెట్టకుండా చూసుకోవాల కదరా" అనింది. చెకప్ చేయించుకుంటే రోగం తిరగబెట్టకుండా ఆగదు, తిరగబెడితే తొందరగా పట్టుకుంటారు అని అది కూడా సరిచేసి చెప్పినా. సోమవారం రైలుకు టికెట్లు తీసినాం.

ఇంకొకటి మిగిలింది. గడ్డ బాగా కరిగి కొంచెం మిగిలితే పార్షియల్ రెమిషన్ అంటారు. "సగం నిమ్మళం" అంటే నాకే బాగాలేదు. మీ ఊర్లో పెద్దోళ్ళు జరం కొంచెం తగ్గి ఇంకా ఒళ్ళు వెచ్చగా ఉంటే ఏమంటారో అడిగి రాయండి.