క.సా.గు.కి భాగహార పద్ధతి పిల్లలకు నేర్పాలా, వద్దా?

పటమట నాన్న:
మావాడు ఆరో తరగతి. 12, 18, 24ల క.సా.గు. (మూడూ శేషం లేకుండా పోయే అతి చిన్న సంఖ్య) 216 అని రాసుకొచ్చాడు. జవాబు 72 అని నాకు తెలుసు, కానీ ఎక్కడ తప్పాడో అరగంట చూసినా దొరకలేదు. ముందు 12తో కొట్టాడు, అంటే భాగించాడు: 1, 18, 2. 18కి పోదు కాబట్టి అలాగే కిందికి దించాడు. తర్వాత 2తో: 1, 9, 1. చివరికి భాజకాలనీ మిగిలినదాన్నీ గుణించి 12×2×9. నేర్పినట్టే చేశాడు కదా! నన్నడిగితే ఈ పద్ధతి ఎత్తేసి, గుణిజాలు వరసగా రాయించడమే మేలు.

బ్రాడీపేట మాస్టారు:
ఎత్తేయక్కర్లేదండీ. తప్పు ఆ 12 దగ్గరే ఉంది. అన్నింటికీ పోయేదైతే ఏ సంఖ్యతోనైనా కొట్టచ్చు. కొన్నింటికే పోతుంటే మాత్రం ప్రధాన సంఖ్యతోనే కొట్టాలి. 12లో ఒక 3 ఉంది, మిగిలిన 9లో రెండున్నాయి. కావలసినవి రెండే, మీవాడి లెక్కలో మూడొచ్చాయి. అందుకే జవాబు సరిగ్గా మూడింతలైంది. ‘పోతే కొట్టు, పోకపోతే దించు’ అని చెప్పి వదిలేస్తే పిల్లలు చేసేది ఇదే. 6తో మొదలుపెట్టించండి: 2, 3, 4. మళ్లీ 2తో: 1, 3, 2. 6×2×3×2 = 72.

బ్యాంక్ పరీక్షల కుర్రాడు:
ఇంత రాద్ధాంతం ఎందుకు సార్? మూడూ గుణించి గ.సా.భా.తో (మూడింటికీ పోయే అతి పెద్ద సంఖ్యతో) భాగిస్తే పోలా?

బ్రాడీపేట మాస్టారు:
అది రెండు సంఖ్యలకే బాబూ. 12×18×24 = 5184, 6తో భాగిస్తే 864. నెగటివ్ మార్కు ఖాయం. రెండేసి చొప్పున వెళ్లు: 12, 18లకి 36. ఆ 36కీ 24కీ 72. మూడు సంఖ్యలకి యూక్లిడ్ చెప్పిందీ ఇదే.

పటమట నాన్న:
నియమం గుర్తులేని పిల్లాడి సంగతేంటి మాస్టారూ? నిన్న 24వ ఎక్కం చెప్పించాను. 24, 48, 72... మూడోదానికే 12కీ 18కీ సరిపోయింది. నిమిషం పట్టలేదు.

బ్రాడీపేట మాస్టారు:
35, 48 ఇచ్చి చూడండి. 48వ ఎక్కం 35 దాకా చదవాలి! పైగా ఇది మన పాత లెక్కేనండీ. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు భిన్నాలు కూడడానికి ఉమ్మడి భాజకాలు తీసి, వాటినీ మిగిలిన లబ్ధాలనీ గుణించమన్నాడు. దానికి ‘నిరుద్ధం’ అని పేరు. ఆయన రాసిన గణితసార సంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

ఆటోనగర్ మెకానిక్:
మా దగ్గర కథ వేరు. చిన్న గేరుకి 15 పళ్లు, పెద్దదానికి 40 అనుకోండి. క.సా.గు. 120. అంటే చిన్నది 8 చుట్లు తిరిగేసరికి మళ్లీ అదే జత కలుస్తుంది. చిన్నదాంట్లో ఒక పన్ను దెబ్బతింటే ఎదుటి గేరులో ఎప్పుడూ ఆ ఎనిమిదింటినే కొరుకుతుంది. 40 బదులు 41 ఉంటే 615 పళ్లు దాటితే గానీ ఆ జత రాదు, అరుగుదల అన్నింటికీ పంచుకుపోతుంది. గేర్లలో 41, 43 లాంటి వంకర అంకెలు ఊరికే పెట్టరు.

పటమట నాన్న:
ఈ గేర్ల సంగతి రాత్రి మావాడికి చెప్పాను. అట్టముక్క మీద పళ్లు కత్తిరిస్తూ కూర్చున్నాడు, హోమ్‌వర్క్ అలాగే ఉంది. 12తో కొట్టడం మాత్రం మానేశాడు మాస్టారూ. గుణిజాలు రాయడం నేను మాన్పించను.